పదకొండో గుండీ

జనగామలో నా మాటను ఉన్నదున్నట్టుగా తీసుకునేవాళ్లు ఎవరూ లేరు. బస్టాండు వెనక సందులో ఇరవై ఆరేళ్లుగా కుట్టు దుకాణం నడుపుతున్నాను. నేను "రేపు ఇస్తా" అంటే వచ్చే వారమని, "ఊరంతా దిగింది" అంటే నలుగురొచ్చారని, "చచ్చేంత జ్వరం" అంటే ముక్కు కారుతోందని మా గిరాకీలు వాళ్లంతట వాళ్లే కత్తిరించుకుంటారు. జాకెట్టు కుట్టేటప్పుడు లోపల రెండంగుళాలు ఎక్కువ వదలడం దర్జీకి అలవాటు. మాట్లాడేటప్పుడు నేను రెండు గజాలు వదులుతాను. సంగతి అందరికీ తెలుసు కాబట్టి ఇన్నేళ్లలో దానివల్ల ఎవరికీ కీడు జరగలేదు.

నా మాటలో ఒక్క పోగు కూడా కత్తిరించకుండా నమ్మిన మనిషి ఒక్కతే. ఆ పిల్లకు పదమూడేళ్లు.

ఆమె దగ్గరికి నన్ను తీసుకుపోయింది మా నర్సక్క. మహబూబాబాద్‌లో దవాఖాన కొలువు చేసి రిటైరైన మనిషి. ఆమె గొంతు ఎంతటిదంటే, మహబూబాబాద్‌లో ఆమె "తర్వాత ఎవలు" అని పిలిస్తే డోర్నకల్‌లో రోగులు లేచి నిలబడేవారు. జనగామలో చెల్లెలి ఇంటికి వచ్చినప్పుడల్లా జాకెట్లు నా దగ్గరే కుట్టించుకునేది. ఒకసారి మిషను కింద నా మోకాలెత్తు పేలికల కుప్ప చూసింది.

"ఇవన్ని ఏంజేస్తవ్ చెల్లె?"

"మున్సిపాలిటి బండికేస్త."

"అడివిల ఆడివిల్లలు మురికి బట్టల బూడిద మూటగట్టి వెట్టుకుంటున్నరు. నువ్వు మెత్తటి కాటన్ చెత్తలేస్తున్నవ్. నీకు పాపం తలుగుతది."

పాపానికి నేను పెద్దగా భయపడను కానీ ఆమె గొంతుకు భయపడతాను. నెల తిరిగేసరికి పేలికలతో ఉతికి వాడుకునే బట్ట ప్యాడ్లు కుట్టి, రెండు బస్తాలు నింపి, ఆమె వెంట భూపాలపల్లి అడవి దారి పట్టాను.

నాకు ఆ సంగతులు కొత్తవేం కావు. మా అమ్మగారి ఊరు కొడకండ్ల. నేను పెద్దమనిషి అయినప్పుడు వసారా మూలలో ఈతచాప మీద కూర్చోబెట్టారు. పక్కనే మేకను కట్టేశారు. సాయంత్రమైతే మేకను లోపలికి తోలేవారు, నన్ను తోలేవారు కాదు. ఈ కథను దుకాణంలో తొమ్మిది రోజులు, మూడు మేకలుగా చెప్పి నవ్విస్తుంటాను. నిజానికి అయిదు రోజులు, ఒకటే మేక. నవ్వు కూడా ఆ తర్వాత ఎప్పుడో నేను కుట్టి అతికించిందే.

నేను జనగామలో బస్సెక్కితే, ఆమె మహబూబాబాద్ నుంచి రైల్లో వచ్చి వరంగల్‌లో కలిసేది. అక్కడి నుంచి బొగ్గు లారీల వెనక దుమ్ము తింటూ భూపాలపల్లి. దిగేసరికి ఇద్దరం ఒకే రంగులో ఉండేవాళ్లం. అక్కడి నుంచి ఆటో, ఆటో ఓడిపోయిన చోటు నుంచి ట్రాక్టరు. చివర వాగు. వాగు అవతల ముప్పై ఇళ్ల గూడెం. గూడెం వెనక ఇంకో వాగు. రెండూ కింద కలిసిపోతాయి. ఎండాకాలంలో అది అడవిలో ఒక ఊరు, వానలు పడితే దీవి. సముద్రం లేని మా జిల్లాలకు దీవి ఎక్కడిదని జనగామలో నన్ను వెక్కిరించారు. ఆ ఒక్కసారి మాత్రం నేను పెంచి చెప్పలేదు.

గూడెం వాళ్ల ఇంటి భాష వేరు. పెద్దవాళ్లలో మిరప చేలకు కూలికి పోయి వచ్చినవాళ్లకు తెలుగు వస్తుంది. ఆడపిల్లల్లో బాగా వచ్చేది ఒక్కదానికే. వాగు దాటి, నాలుగు మైళ్లు నడిచి బడికి పోయే ఏడో తరగతి పిల్ల. మేం చెప్పింది ఆ పిల్ల వాళ్ల భాషలోకి మార్చేది, వాళ్లడిగింది మాకు తెలుగులో చెప్పేది. మొదటి రోజు నర్సక్క గూడెంలోని ఒంటి గది బడిలో నల్లబల్ల మీద గర్భసంచి బొమ్మ గీసింది. వెనక వరసలో ఎవరో ఏదో అడిగారు.

"ఏమంటున్నదే?"

మా పిల్ల నవ్వు ఆపుకుంటూ, "గా ఎద్దుకు ముక్కుతాడేది అంటున్నదక్కా," అంది.

గుమ్మం దగ్గర ఒక అవ్వ కూర్చునేది. మేం తరగతి మొదలుపెట్టకముందే వచ్చి, ముగించాక లేచేది. నోట్లో పొగాకు, చేతిలో మేకలు తోలే కట్టె, కళ్లు సగం మూత. నిద్రపోతుందనుకునేదాన్ని.

గూడెం చివర, వాగు వైపు దిగే వాలులో గుడిసె ఒకటి ఉంది. బయటున్న ఆడవాళ్లు అయిదు రోజులు అందులో ఉండాలి. మొదటిసారి అయితే తొమ్మిది రోజులు. తిండి దూరం నుంచి పెట్టి వెళ్తారు. తలుపు లేదు, ఆకుల కప్పు, వంగి దూరాలి. ఈ గుడిసె కొలత మాత్రం నేను పెంచలేను. పెంచితే అందులో మనిషి పడుతుంది.

ఇంకో కట్టుబాటు ఉంది. పెద్దమనిషి అయిన పిల్ల వాగు దాటి చదువుకు పోకూడదు. వాగు మీద గూడెం దేవత ఉంటుంది, మైలతో దాటితే కీడు గూడెం మొత్తానికి. ఏ రోజు దాటిందో ఎవరు కాపలా కాస్తారు? అందుకని అసలు దాటనివ్వరు.

మూడోసారి వెళ్లినప్పుడు తరగతి అయ్యాక ఆ పిల్ల నర్సక్క సంచి మోస్తానని మా వెంట వాగు దాకా వచ్చింది. నీళ్లు చీలమండ లోతు కూడా లేవు. ఇటూ అటూ చూసింది.

"అక్కా, బట్ట ఒరుసుకొని పుండైతె ఏం మందు వెట్టాలె?"

"ఎవలకే?" అంది నర్సక్క.

"ఎవలకో."

"గా ఎవలకో ఎన్ని నెలల సంది బయటుంటున్నది?"

పిల్ల సంచి పట్టీని వేలికి చుట్టుకుంటూ, "నాలుగు," అంది.

నాలుగు నెలలుగా తల్లికి కూడా చెప్పలేదు. బట్ట ఉతికి ఇప్పచెట్టు తొర్రలో దాచేది. అక్కడ ఆరదు. తడిదే మళ్లీ పెట్టుకుని నాలుగు మైళ్లు పోను, నాలుగు మైళ్లు రాను నడిచేది. తొడలు చీలిపోయి ఉన్నాయి. నర్సక్క బండ చాటున చూసి మందు రాసి వచ్చాక చాలాసేపు మాట్లాడలేదు. ఆమె గొంతు పోవడం నేను చూడటం అదే మొదలు.

ఎందుకు దాచిందో పిల్లే చెప్పింది. ఎనిమిదో తరగతికి ఆడపిల్లల హాస్టల్ బడిలో సీటు వచ్చింది. వానలు మొదలయ్యాక చేరాలి.

"హాస్టల్ల వడ్డంక మా అమ్మకు చెప్త అక్కా. అప్పుడు వాగు అవుతలుంట గద, ఇంకెట్ల ఆపుతరు?"

ఆమె లెక్కలో తప్పు లేదు. ఇంకో రెండున్నర నెలలు ఎవరికీ తెలియకపోతే చాలు.

తప్పు నా లెక్కలో వచ్చింది. పిల్లకు నెలలో రెండుసార్లు కూడా అవుతోందని, పాలిపోయి ఉందని, మిగతా పిల్లలు కూడా అంతంతమాత్రంగానే ఉన్నారని నర్సక్క అంది. "అందరు రోజులు రాసిపెట్టాలె. ఒక్కొక్కదానికి చిన్న నోటుబుక్కు ఇద్దాం, దాసుకుంటరు."

"నోటుబుక్కు దొరుకుతె అండ్ల పేరుంటదక్కా," అన్నాను. "నేనొకటి చేస్త చూడు. దునియాల ఎవడు చేసి ఉండడు."

జనగామ తిరిగొచ్చి పది రోజులు దుకాణానికి గిరాకీలను రానీయలేదు. తెల్ల బట్ట మీద నీలం దారంతో గళ్లు కుట్టాను. నెలకొక వరస, రోజుకొక గడి. జనగామ స్టేషన్లో రైళ్ల బోర్డు కూడా అంత పద్ధతిగా ఉండదు. ఒక్కో పిల్లకు ఒక్కో రకం గుండీలు. ఇత్తడివి, గాజువి, నల్ల కోటువి, చొక్కావి, అన్నీ పిన్నీసులకు కుట్టాను. బయటున్న రోజు ఆ గడిలో తన గుండీ గుచ్చితే సరి. పేరు లేదు, రాత లేదు. గూడెంలో బయటుండే పిల్లలు పదిమంది, పది రకాలు. మా పిల్లకు పదకొండో రకం. చంటిపిల్లల గౌన్లకు వేసే బాతు బొమ్మ గుండీలు. పసుపు రంగు. అన్నిట్లోకి ముద్దుగా ఉన్నవి ఆమెకే ఇవ్వాలనిపించింది.

బడి గదిలో గోడకు ఆ బట్ట తగిలించి ఉపన్యాసం ఇచ్చాను. "ఏ గుండీ ఎవలదో పద్నాలుగు లోకాలల్ల ఒక్కనికి తెల్వదు. దేవుడు దిగొచ్చి అడిగినా గుండీ నోరు ఇప్పదు."

ఆ పిల్ల లేచి నిలబడి దాన్ని వాళ్ల భాషలో చెప్పింది. తొందరపడకుండా, ఒక్కొక్క ముక్క. పద్నాలుగు లోకాలనే మాట వాళ్ల భాషలో ఏమంటారో నాకు తెలియదు కానీ, అది చెబుతున్నప్పుడు ఆమె రెండు చేతులూ బార్లా చాపింది. పిల్లలందరూ గోడ వైపు చూశారు. నా మాట వేరే భాషలో అంత నిజంగా వినిపిస్తుందని అప్పుడే తెలిసింది. గుమ్మం దగ్గర అవ్వ పొగాకు ఉమ్మేసి మళ్లీ కళ్లు మూసుకుంది.

ఎండాకాలమంతా బట్ట బ్రహ్మాండంగా పనిచేసింది. మేం వెళ్లినప్పుడల్లా గళ్లు నిండుతూ కనిపించేవి. అందరికంటే పద్ధతిగా గుచ్చింది మా పిల్లే. ఒక్క రోజు కూడా తప్పలేదు. పుండ్లు మానాయి. నేను జనగామలో ఈ బట్ట సంగతి చెప్పి చెప్పి గిరాకీలను విసిగించాను. కలెక్టరు చూడ్డానికొస్తున్నాడని కూడా అన్నాను. కలెక్టరుకు నేనెవరో తెలియదు.

మిరుగం పడింది, వానలు మొదలయ్యాయి. హాస్టల్లో చేరడానికి సోమవారం ఆఖరు రోజు. పిల్లను వెంటబెట్టుకుని మేమే దింపి వద్దామని శనివారం బయలుదేరాం. వాగు ఒడ్డుకు చేరేసరికి వాగు అక్కడ లేదు. అడవికి అడవే కదిలి పోతున్నట్టు ఎర్రటి నీళ్లు, చెట్లతో సహా. ఆ రాత్రి ఇవతలి ఊళ్లో ఆగాం. ఆదివారం పొద్దున నీళ్లు కొంచెం తీశాయి. ట్రాక్టరాయన ఇంజను వేడి చేస్తూ మమ్మల్ని అడిగాడు.

"గా సదువుకునే పిల్లకోసమేనా అక్కా మీరొచ్చింది? పెద్దమనిషి అయిందట గద. మూడొద్దులాయె, గుడిసెల వెట్టిండ్రు."

నర్సక్క నా వైపు చూసింది. ఎక్కడైనా నోరు జారావా అని అడగలేదు. అడిగితే బాగుండేది.

బడి గది గుమ్మంలో అవ్వ కూర్చునే ఉంది. ఈసారి కళ్లు పూర్తిగా తెరిచి ఉన్నాయి.

"ఎట్ల తెలిసిందవ్వా?" అన్నాను.

"నువ్వే చెప్తివి గద బిడ్డా." కట్టెతో గోడ మీద బట్టను చూపించింది. "బయటుండే పోరిలు పదిమంది. గుండీలు పదకొండు తీర్లు. నాకు సదువు రాదు, మేకలు లెక్కవెట్టుడు వస్తది. మందల ఒక మేక ఎక్కువొస్తె ఎవలదో చూడమా? పోయిన నెల చూసిన. గీ నెల పసుపు గుండీ వడ్డ పొద్దు ఈడ్నే కూసున్న. చిన్నోళ్లల్ల లోపటికి వొయ్యొచ్చింది గదొక్కతే."

గుండీలు లెక్కపెట్టడం దర్జీ పనిలో మొదటి పాఠం. చొక్కాకు ఏడంటే ఏడే ఉండాలి. ఎనిమిది కుడితే ఒకటి ఎక్కువైందని చిన్నపిల్ల కూడా చెబుతుంది. ఇరవై ఆరేళ్ల పనితనమంతా పెట్టి, ఒక పిల్ల రహస్యాన్ని తెల్లబట్ట మీద పసుపు రంగులో కుట్టి గోడకు వేలాడదీశాను.

నర్సక్క గొంతు తిరిగొచ్చింది. రేపు ఆఖరు రోజని, సీటు పోతుందని, బట్టకు, రోగానికి, దేవతకు సంబంధం లేదని అరిచింది. అవ్వ అంతా విన్నది.

"మా సిన్నమ్మ దాపెట్టి వాగు దాటింది. ఆ ఏడు గత్తర ఒచ్చింది. ఇంటికొకటి లేసింది పీనుగ. మోసినోళ్లల్ల నేనున్న, మీరు లేరు," అంది. కొంచెం ఆగి, "గుడిసె, గుడిసె అంటరు. నా అత్తగారింట్ల గా ఐదొద్దులే నన్నెవ్వలు లే, పని చెయ్ అనలే. గది గూడ రాసుకో," అంది.

గుడిసెకు పోయే దారిలో, చివరి ఇంటి చూరు కింద పిల్ల తల్లి మాకు దూరంగా నిలబడి ఉంది. కోపంగా ఉంటుందనుకున్నాను. "నా పక్కలనే పండుకున్నది," అంది మాతో. "నాకు చెప్పలే. మీకు చెప్పింది."

గుడిసె కప్పు నాలుగు చోట్ల కారుతోంది. పిల్ల ఒక మూల కాళ్లు ముడుచుకుని కూర్చుంది. కింద నేల బురద. ఒళ్లు కాలిపోతోంది. పక్కన బడి సంచిని ఆకులతో కప్పి, దాని మీద తన చెయ్యి పెట్టి ఉంచింది. అందులో ప్లాస్టిక్ కవరులో హాస్టల్ కాయితం. మనిషి తడిసింది కానీ కాయితం తడవలేదు. నర్సక్క వంగి నడుము దాకా లోపలికి దూరి గోలీలు మింగించింది. ముట్టుకున్నందుకు ఇంటికి పోకముందు వాగులో మునగాలని ఎవరో వెనక నుంచి అన్నారు. "మునుగుత తియ్," అంది ఆమె.

నేను మిట్ట ఎక్కి, ఫోను అందిన చోట హాస్టల్‌కు మాట్లాడాను. అక్కడి టీచరమ్మ మంచిదే. "రేపు సాయంత్రం దాక చూస్త. ఆ తర్వాత నా చేతిల లేదు, వెనుక చానమంది ఉన్నరు," అంది. తొమ్మిది రోజుల్లో గడిచింది మూడు. ఇంకా ఆరు.

దిగి వచ్చి, ట్రాక్టరాయన దగ్గర టార్పాలిన్ అడిగి, బస్తాలు కుట్టే దబ్బనంతో ఆ గుడిసె కప్పుకు కుట్టడం మొదలుపెట్టాను. ఆకులకు కుట్టు నిలవదు. కర్రలకు, తీగలకు పట్టించి కుట్టాను. అవ్వ చూస్తూ ఉంది కానీ వద్దనలేదు. ఒకచోట తనే వచ్చి అంచు పట్టుకుంది. మళ్లీ మబ్బు పట్టింది. ట్రాక్టరాయన వాగు దగ్గర నుంచి కేకేశాడు, ఇప్పుడు దాటకపోతే వారం దాకా దాటలేమని.

నర్సక్క గుడిసె ముందు కూర్చుంది. "లే బిడ్డా. సంచి పట్టుకొని ట్రాక్టరెక్కు. ఎవలొచ్చినా నేను చూసుకుంట."

పిల్ల లేవబోయింది కూడా. ఒక చెయ్యి నేలకు ఆనించింది. అప్పుడు చూరు కింద నిలబడ్డ తల్లిని చూసింది.

"నేను దాటినంక గూడెంల ఎవలన్న సస్తె నా వల్లనే అంటరక్కా. మీరు పోతరు, నేను పోత. మా అమ్మ ఈడనే ఉండాలె గద."

నర్సక్క మిగిలిన గోలీలు కవరులో చుట్టి పిల్ల చేతిలో పెట్టింది.

తర్వాత పిల్ల నా వైపు తిరిగింది. "ఎవ్వలకు తెల్వదన్నవ్ గద అక్కా," అంది. కోపం లేదు. లెక్క సరిచూసుకున్నట్టు అడిగింది.

"అన్న," అన్నాను. ప్రతి చిన్నదానికీ నాలుగు వాక్యాలు పెంచే నా నోట్లోంచి ఆ రెండక్షరాలే వచ్చాయి.

"నువ్వన్నది నేను వాళ్లందరికి చెప్పిన. నా మాట మీదనే గుచ్చిండ్రు. ఇంక ఇద్దరు ముగ్గురు చిన్నోళ్లున్నరు, రేపో మాపో అయితరు." కాసేపు ఊపిరి తీసుకుంది. "ఈసారొచ్చేటప్పుడు లంగలు కుట్టుకొస్తవా? లోపట జేబు ఉండాలె. పైకి కనవడొద్దు. నువ్విచ్చిన బట్ట పట్టాలె, ఆరినంక దాసుకునేతందుకు. గోడకేం వద్దు."

కుడతానన్నాను. ఎప్పుడో చెప్పలేదు.

గోడ మీది బట్ట విప్పుతుంటే అవ్వ, "ఉండనియ్యి బిడ్డా, మంచిగుండె," అంది. ఆమె వేళాకోళానికి అన్నదో నిజంగానే అన్నదో ఇప్పటికీ తెలియదు. విప్పి బస్తాలో కుక్కాను. వాగు నడుమ ట్రాక్టరు ఒకసారి ఆగింది. నర్సక్క నా చెయ్యి పట్టుకుంది కానీ నా ముఖం చూడలేదు.

సోమవారం సాయంత్రం దాకా వాన ఆగలేదు. సీటు ఇంకో పిల్లకు పోయింది.

జనగామలో గిరాకీలు అడిగారు, గూడెం కథ ఎంతవరకు వచ్చిందని. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఒక్క ముక్క కూడా కలపలేదు. వాళ్లు అలవాటు ప్రకారం ముప్పావు వంతు కత్తిరించుకుని, "పాపం, పిల్లకు సర్ది చేసినట్టుంది," అనుకున్నారు. ఇరవై ఆరేళ్లుగా నేర్పించింది నేనే, ఎవరిననాలి?

వాగు తగ్గాక, చలికాలంలో లంగాలు పట్టుకుని వెళ్లాం. బడి గదిలో తరగతికి ఆ పిల్ల రాలేదు. మిరప చేలో ఉందన్నారు. వాగుకు ఇవతలే ఉంది ఆ చేను. కూలికైతే దాటొచ్చట, గుంపుతో కలిసి, అవ్వ వెంట. బడికే దాటకూడదు. వెళ్లేసరికి అవ్వకు రెండు సాళ్ల అవతల వంగి కాయలు ఏరుతోంది. మనిషి సాగింది, బుగ్గలు లోపలికి పోయాయి. వేళ్లు మిరప ఘాటుకు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. వచ్చే ఏడు మళ్లీ సీటు అడుగుతానని నర్సక్క అంటే, వినిపించనట్టు లంగా ఒకటి చేతిలోకి తీసుకుంది.

అవ్వ వైపు వీపు పెట్టి, అంచు తిరగేసి, జేబు ఎక్కడుందో వెతికింది. వెంటనే దొరకలేదు. ఆమె ముఖంలో కొంచెం తృప్తి కనిపించింది. చెయ్యి లోపలికి పెట్టి, పైనుంచి గుడ్డ మీద రెండో చెయ్యి వేసి, వేళ్లు ఆడించి చూసింది.

"ఉబ్బు కనవడ్తున్నదక్కా. ఇంకింత లోతుండాలె."

నేను మెడలోంచి టేపు తీశాను. ఎంత లోతో ఆమెనే చెప్పమన్నాను.